పైసలిచ్చినోడి పేరు

నా దగ్గర ఒక పోస్టుకార్డు ఉంది. హైదరాబాద్ జుమేరాత్ బజార్‌లో, తుప్పు పట్టిన తాళాలకూ చెవులు ఊడిన కూజాలకూ నడుమ ఒక రేకు డబ్బాలో దొరికింది. వెనకవైపు నిలువుగీత ఉంది. ఎడమ పక్క కబురు, కుడి పక్క చిరునామా. కార్డును అట్లా రెండుగా చీల్చి రాసుకోవడానికి బ్రిటన్ తపాలావాళ్ళు 1902లో ఒప్పుకున్నారు, కాబట్టి ఇది ఆ తరువాతిదే. ముందువైపు ఒకామె నిలబడి ఉంది. ఆమె వెనక తెరమీద రాతి స్తంభాలు, మెట్లు, ఎక్కడిదో ఒక చెరువు, అన్నీ రంగుతో గీసినవే. కాళ్ళ కింద పూల తివాచీ. కుడిచెయ్యి తలకు పైన వంపు తిరిగి ఉంది. ఎడమచెయ్యి పక్కనున్న గుండ్రబల్ల అంచు మీద ఉంది.

ఆ ఎడమచెయ్యిని కాస్త దగ్గరగా చూడండి. బల్ల అంచును నాలుగు వేళ్ళతో గట్టిగా పట్టుకుంది. ఆడే మనిషికి బల్ల ఎందుకు? ఆమెను ఆడనివ్వలేదు గనక. స్టూడియో వెలుతురులో గాజు పలక మీద బొమ్మ పడాలంటే సెకనో రెండు సెకన్లో కొయ్యలా నిలబడాలి. ఒంటికాలి మీద, చెయ్యి పైకెత్తి, నగల బరువుతో నిలబడి చూడండి, రెండు సెకన్లు ఎంత పొడుగో తెలుస్తుంది. అందుకే బల్ల ఇచ్చారు. అయినా పాదం ఆగలేదు. ఫొటో మొత్తం గీసినట్టు స్పష్టంగా ఉంది గానీ ఎత్తిన కాలి గజ్జెల దగ్గర మాత్రం మంచులా చెదిరింది. ఆ కార్డులో ఉన్న నాట్యమంతా ఆ చెదిరిన అంగుళమే.

కింద ఎడమ మూలన ఇంగ్లీషు అచ్చులో ఇట్లా ఉంది: 'ఎ నాచ్ గర్ల్, హైదరాబాద్ డెక్కన్'.

ఒక నాచ్ గర్ల్. ఒకతి. అంతే. ఆమె తొక్కిన తివాచీని అంగట్లో అమ్మేటప్పుడు కూడా ఏ ఊరి నేతో చెప్పి అమ్ముతారు. ఆమె ముక్కుకున్న బేసరికి పేరుంది, మెడలో సత్లడకు పేరుంది. ఆ సొమ్ములు మోసిన మెడకు పేరు లేదు.

ఇప్పుడు అదే కాలంలో సముద్రం అవతల ఏం జరిగిందో చెప్తాను, వినండి.

1906లో న్యూయార్క్‌లో రూత్ సెయింట్ డెనిస్ అనే అమెరికన్ నర్తకి 'రాధ' అనే నాట్యం చేసింది. ఆ రాధ ఉండేది జైన గుడిలో. జైన గుడిలో రాధకేం పని తల్లీ అని అడిగినోళ్ళు అక్కడ ఎవరూ లేరు. వెనక మోగేది ఫ్రెంచి సంగీతకారుడు దెలీబ్ 'లక్మే' ఒపెరాకు కట్టిన బాణీ. చుట్టూ పూజారుల వేషాల్లో కూర్చున్నవాళ్ళు మాత్రం అసలు సిసలు మనదేశపోళ్ళే. పొట్టకూటికి న్యూయార్క్ చేరినవాళ్ళను ఏరుకొచ్చి కూర్చోబెట్టారు. ఈ ఆలోచనకు విత్తనం పడ్డది కోనీ ఐలండ్ వినోదశాలల్లో. అక్కడికి తెచ్చి ఆడించిన మన పాములవాళ్ళను, నాచ్ ఆడేవాళ్ళను చూశానని ఆమే తన జీవితకథలో చెప్పుకుంది. అంతకు ముందే, 1881లోనే ఆగస్టిన్ డేలీ అనే నాటకాలాయన 'జనీనా' అనే ప్రదర్శన కోసం మన నాట్యకత్తెలను ఓడెక్కించి న్యూయార్క్ తీసుకుపోయాడు. ఆ ఆడవాళ్ళ చెమటను అమెరికా నాట్యచరిత్ర ఎట్లా తుడిచేసిందో ప్రియా శ్రీనివాసన్ 2011లో 'స్వెటింగ్ సారీస్' అనే పుస్తకంలో విప్పి చెప్పింది. చదివి నాలుగు రోజులు నిద్ర పట్టలేదు నాకు.

రూత్ ఘాగ్రా వేసుకుని, నుదుట పాపిటబిళ్ళ పెట్టుకుని స్టూడియోల్లో లెక్కలేనన్ని ఫొటోలు దిగింది. ఆమె నాట్యాల్లో కొన్నిటి పేరే 'నాచ్'. ఆమె భర్త టెడ్ షాన్ 1926లో, ఆసియా యాత్రలో ఉండగా, 'కాస్మిక్ డాన్స్ ఆఫ్ శివ' కట్టాడు. నటరాజు చక్రంలో ఒళ్ళు మెరిపిస్తూ నిలబడ్డ ఆయన ఫొటోలు ఇవాళ్టికీ పుస్తకాల అట్టల మీదికి ఎక్కుతుంటాయి. ఇద్దరి పేరూ కలిపి పెట్టుకున్న 'డెనిషాన్' నాట్యబృందం ఫొటోలు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో వేలల్లో ఉన్నాయి. నాట్యం పేరు, ఆడినామె పేరు, ఏడాది, అన్నీ పద్ధతిగా. సొమ్మొకడిది సోకొకడిది అంటారు మనవాళ్ళు. ఇక్కడ సొమ్ము 'నాచ్ గర్ల్'ది, సోకు మిస్ రూత్ సెయింట్ డెనిస్‌ది. అసలు 'నాచ్' కింద పేరు లేదు, నకలు 'నాచ్' కింద పేరుంది!

ఇంకో అమెరికన్ నర్తకి ఇసడోరా డంకన్ సంగతి చూడండి. సినిమా కెమెరా అంటే ఆమెకు సరిపడేది కాదు. ఆమె ఎట్లా ఆడేదో ఇవాళ మనకు తెలిసిందంటే ఆర్నాల్డ్ గెంథే లాంటి స్టూడియో ఫొటోగ్రాఫర్ల పుణ్యమే. గెంథే 1916లో నర్తకుల ఫొటోలతో 'ది బుక్ ఆఫ్ ది డాన్స్' అచ్చేశాడు. 1920లో స్టైకెన్ అనే ఫొటోగ్రాఫర్ ఆమెను ఏథెన్స్‌లో పార్థినాన్ స్తంభాల నడుమ నిలబెట్టాడు. బారన్ డి మేయర్ అనే ఫొటోగ్రాఫర్ అయితే రష్యన్ నర్తకుడు నిజిన్‌స్కీ ఆడిన ఒక్క 'ఫాన్' నాట్యానికే 30 ఫొటోల ఆల్బమ్ తెచ్చాడు, 1914లో. వేళ్ళ కొసలు కూడా పేరున్న మనిషి వేళ్ళ కొసలే.

నాకు రూత్ మీద పగ లేదు. ఆమె కష్టపడింది, ఆడింది, బతికింది. తన ఫొటో తనే తీయించుకుంది, ఎందుకంటే టికెట్లు అమ్మాలి. టికెట్ అమ్మాలంటే పేరు కావాలి. అసలు కిటుకంతా ఇక్కడుంది. ఫొటో కింద పేరు పడేది ముఖం ఉన్నోళ్ళది కాదు, ఆర్డరిచ్చినోళ్ళది.

తెల్లవాడి కళ్ళకు మన ఆడవాళ్ళందరూ ఒక్కలాగే కనపడ్డారు, అందుకే పేరు రాయలేదు అని మనం సులువుగా తిట్టి ఊరుకుంటాం. 1868 నుంచి 1875 దాకా ఎనిమిది సంపుటాల్లో వచ్చిన 'ది పీపుల్ ఆఫ్ ఇండియా', 1909లో ఏడు సంపుటాల్లో వచ్చిన థర్‌స్టన్ 'క్యాస్ట్స్ అండ్ ట్రైబ్స్', ఇవన్నీ మనుషులను కులాల డబ్బాల్లో పెట్టి మూత వేసినవే, నిజమే. అయితే మా ఊరి రైలుపట్టా పక్కకు రండి, ఇంకో సంగతి కనపడుతుంది.

మాది తాండూరు. ఇప్పుడుండేది వికారాబాద్‌లో. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రైలు 1874లో పడింది. బొంబాయిలో దిగిన కెమెరా పెట్టె అయినా, గడ్డిలో చుట్టిన గాజు పలకలైనా రైలులో నిజాం రాజధానికి చేరాలంటే తాండూరు, వికారాబాద్ స్టేషన్లు దాటాల్సిందే. ఈ వికారాబాద్ పేరు ఎవరిది? పాయిగా నవాబు వికార్-ఉల్-ఉమ్రాది. ఫలక్‌నుమా కట్టించినాయన, 1893 నుంచి 1901 దాకా నిజాం ప్రధానమంత్రి. ఆయననూ ఆయన మేడనూ ఫొటోలు తీసింది రాజా దీన్‌దయాళ్. ఆ ఫొటోల్లో నవాబు ఎవరో, పక్కన కూర్చున్న దొర ఎవరో రాసి ఉంటుంది. నవాబుగారి పేరు ఊరికే పడలేదు లెండి, ఆర్డరు ఆయనది.

దీన్‌దయాళ్‌ను తక్కువ చేసే ధైర్యం నాకు లేదు. 1844లో సర్ధనాలో పుట్టి, రూర్కీలో చదివి, ఇండోర్‌లో నక్షాలు గీసి, ఆరో నిజాం దగ్గర 'ముసవ్విర్ జంగ్' బిరుదు పొందిన మనిషి. ఆయన గాజు నెగెటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. ఆయన తపాలాబిళ్ళ కూడా వచ్చింది. 1892లో హైదరాబాద్‌లో ఆయన ఒక జనానా స్టూడియో పెట్టాడు. చుట్టూ ఎత్తైన గోడలు, లోపల మగపురుగు లేకుండా, మిసెస్ కెన్నీ-లెవిక్ అనే దొరసాని చేతిలో పెట్టాడు. పరదా ఆడవాళ్ళు వచ్చి, ఫొటో దిగి, పరదాలోనే వెళ్ళిపోయేవాళ్ళు. ఆ ఫొటో అంగట్లోకి రాదు, ఆ పేరు గడప దాటదు. అది మర్యాద.

అదే నగరం. అవే సంవత్సరాలు. అవే గీసిన తెరలు. గజ్జె కట్టిన ఆడదాని ఫొటో మాత్రం అణాల లెక్కన అమ్ముడుపోతుంది, లండన్‌కు స్టాంపేసుకుని పోతుంది. ఆమె పేరు కూడా గడప దాటలేదు. ఒకామె పేరు దాచడం ఆమెకు గౌరవం. ఇంకొకామె పేరు రాయకపోవడం ఆమెకు గౌరవం లేదని చెప్పడం. రెండు పనులూ చేసినవాళ్ళు మనవాళ్ళే, దొరలొక్కళ్ళే కాదు.

కెమెరా రాకముందు ఇదే హైదరాబాద్‌లో మహలఖా బాయి చందా ఉంది. 1768లో పుట్టింది, 1824లో పోయింది. నాట్యం చేసింది, ఉర్దూలో దీవాన్ రాసింది, మౌలాలి గుట్ట కింద తల్లికి సమాధి కట్టించింది. తన పైసలు, తన రాయి, తన పేరు. కుంచెతో గీసిన కాలంలో నర్తకికి పేరుంది. అద్దంలా ఉన్నదున్నట్టు చూపించే యంత్రం వచ్చాక ముఖం నిలిచింది, పేరు రాలిపోయింది. ఏం ప్రగతి!

యంత్రం తప్పు కాదు సుమా. 1902లో కలకత్తాలో గ్రామఫోన్ కంపెనీవాళ్ళు గౌహర్ జాన్ అనే తవాయిఫ్‌తో పాడించుకున్నారు. పాట చివర ఆమె 'నేను గౌహర్ జాన్' అని ఇంగ్లీషులో గట్టిగా చెప్పేది. ప్లేట్లు తయారయ్యేది జర్మనీలోని హానోవర్‌లో. అక్కడి పనివాళ్ళకు ఏ ప్లేటు ఎవరిదో తెలియాలంటే గొంతుతో పేరు చెప్పక తప్పదు. చూశారా, వ్యాపారానికి పేరు అవసరం పడితే అదే తవాయిఫ్‌ను రికార్డింగ్ బూర ముందు పేరు చెప్పమని బతిమాలారు. ఫొటో వ్యాపారానికి పేరు అవసరం పడలేదు. 'నాచ్ గర్ల్' అన్న రెండు ముక్కలే ఎక్కువ కార్డులు అమ్మిపెట్టాయి.

ఇక సంఘసంస్కర్తల సంగతి ఎత్తితే నన్ను కొట్టడానికి వచ్చేవాళ్ళున్నారు. రండి. 1890లలో మద్రాసు రాజధానిలో నాచ్ వ్యతిరేక ఉద్యమం లేచింది, కందుకూరి వీరేశలింగం ముందు నిలబడ్డారు. చిన్నపిల్లలను గుడికి ముడిపెట్టే దురాచారం పోవాల్సిందే, ఆ మాటలో నాకు రెండో ఆలోచన లేదు. 1947లో మద్రాసు చట్టం వచ్చింది, మంచిది. అయితే ఆ ఉద్యమం ఆడించినోడికి సిగ్గు నేర్పలేదు, ఆడినామెకు నేర్పింది. గోదావరి జిల్లాల కలావంతుల ఇళ్ళలో ముసలమ్మలు తలుపులు మూసుకుని జావళీలు పాడుకున్న వైనం దేవేశ్ సోనేజీ 2012లో పుస్తకంగా రాశాడు. నటరాజ రామకృష్ణ ఆ పెద్ద కళాకారిణులను వెతికి పట్టుకుని, బతిమాలి, వాళ్ళ విద్యను ఆంధ్రనాట్యం పేరుతో మళ్ళీ వేదిక ఎక్కించారు. అందరి ఇంటికీ ఒక నటరాజ రామకృష్ణ రాడు కదా.

లొంగనిది ఒకామె ఉంది, దేవదాసి బెంగుళూరు నాగరత్నమ్మ. 1910లో పాతకాలపు కవయిత్రి ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము' వావిళ్ళవారి చేత అచ్చు వేయించింది. ముద్దుపళనిని ఈసడించిన వీరేశలింగానికి ముందుమాటలోనే జవాబిచ్చింది. తెల్ల ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధిస్తే ఆ నిషేధం ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రధాని అయినదాకా ఉంది. తిరువయ్యారులో త్యాగయ్య సమాధి దగ్గర గుడి కట్టించింది ఈమే. కుర్చీలో నిటారుగా కూర్చుని సూటిగా చూస్తున్న నాగరత్నమ్మ ఫొటోను ఎవరైనా 'ఎ నాచ్ గర్ల్' అనగలరా? సంపాదించింది తనే, ఖర్చు పెట్టింది తనే. మళ్ళీ అదే లెక్క.

ఈ లెక్క నాకు పుస్తకాల్లో దొరకలేదు. తాండూరులో ఒక ఫొటో స్టూడియో రిజిస్టర్‌లో దొరికింది.

నేను ఆరో తరగతిలో ఉండగా జనవరి 26కు బళ్ళో డాన్స్ చేసిన. డ్రెస్సు హైదరాబాద్ నుంచి కిరాయికి తెచ్చిండ్రు. మా నాయిన నాపరాయి పాలిష్ మిషన్ కాడ పనిచేసేటోడు, ఒళ్ళంతా బూడిదరంగు దుమ్ము. ఆ దుమ్ముతోనే నన్ను సైకిల్ మీద కూచోబెట్టుకుని స్టూడియోకు తీసుకపోయిండు. లోపల గుడ్డ మీద గీసిన తాజ్‌మహల్, పక్కన ప్లాస్టిక్ పూలకుండీ. "గదువ లేపు బిడ్డా. కాలు గింత లేపు. ఊపిరి బిగవట్టు" అన్నడు స్టూడియో ఆయన. కాలు ఆగుతలేదు. ఆయన బయటికి పోయి రెండు షాబాద్ బండ ముక్కలు తెచ్చి, ఒకదాని మీద ఒకటి పెట్టి, నా మడమ కింద జొనిపి, కుచ్చిళ్ళు సర్ది కనపడకుండ చేసిండు. ఫొటోలో నేను గాలిలో ఉన్నట్టే ఉంటా. కింద ఉన్నది మా నాయిన పాలిష్ పట్టే రాయి.

ఆ ఫొటో పెద్దది చేసి షోకేసు అద్దంలో పెట్టుకున్నరు. మమ్మల్ని అడగలేదు. పదకొండేండ్లు ఎండకు పాలిపోయేదాక అక్కడే ఉన్నది. బస్సు దిగినోళ్ళు 'డాన్స్ పాప ఫొటో ఉన్న దుకాణం' అని గుర్తు చెప్పుకునేటోళ్ళు. డిగ్రీ చదివేటప్పుడు పోయి నా నెగెటివ్ నాకియ్యమని అడిగిన. పాత రిజిస్టర్ తీసిండ్రు. తారీఖు ఉంది. మా నాయిన పేరు ఉంది, ఇంటిపేరుతో సహా. పక్కన 'డ్యాన్స్ డ్రెస్, ఫుల్ సైజు, 2 కాపీలు, అడ్వాన్స్ 10' అని ఉంది. నేనెక్కడ? నేను 'డ్యాన్స్ డ్రెస్'. నెగెటివ్ దొరకలేదు. మా నాయినకు మాత్రం తన పేరు ఆ పుస్తకంలో ఉన్నందుకు సంబురం. ఆయనను ఏమంటాను?

ఇదంతా పాత ముచ్చట అనుకునేరు. ఫోన్ తెరవండి. ఆ పాత పోస్టుకార్డులనే కంప్యూటర్‌తో రంగులద్ది, చర్మం నున్నగా గీకి, కళ్ళు ఆర్పేట్టు చేసి 'నిజాం కాలపు అందం' అని వదులుతున్నారు. లక్ష మంది గుండె గుర్తు నొక్కుతారు. ఆ గజ్జెల దగ్గరి మంచు మరకను 'లోపం' అనుకుని తుడిచేస్తారు కూడా! ఆమె ఆడిన ఒక్క అంగుళమూ పాయె. ప్రదర్శనల్లో గోడకు తగిలించి కింద 'అజ్ఞాత నర్తకి' అని రాస్తారు. అజ్ఞాత ఎవరికి? ఆమె కన్నతల్లికి తెలుసు, నట్టువాంగం పట్టినాయనకు తెలుసు, పక్కింటోళ్ళకు తెలుసు. తెలియనిది అడగనోడికి. నిజాయితీ ఉంటే అక్కడ ఇట్లా రాయండి: 'ఈమె పేరు ఫొటో తీసినవాడు రాసుకోలేదు'. తప్పు ఎవరిదో వాళ్ళ పక్కన పడుతుంది. మ్యూజియంవాళ్ళకైనా, పుస్తకాలు వేసేవాళ్ళకైనా నేను చెప్పే మాట ఇదొక్కటే. ఒక వాక్యం. దానికి బడ్జెట్ అక్కర్లేదు, కమిటీ అక్కర్లేదు.

మన వీధి చివర ఫ్లెక్సీ చూడండి. బతుకమ్మ ఆడుతున్న పదిమంది ఆడవాళ్ళు నడుమ. పైన నాయకుడి పేరు, పక్కన ఆయన కొడుకు పేరు, కింద శుభాకాంక్షలు చెప్పేటోళ్ళ పేర్లు వరసగా, మూలన ఫ్లెక్సీ కొట్టినోడి ఫోన్ నంబరు. ఆడుతున్నోళ్ళ పేరు ఒక్కటి లేదు. జుమేరాత్ బజార్ కార్డుకూ దీనికీ తేడా ఏందో నాకెవరైనా చెప్పండి.

ఒక చిక్కు ఉంది, దాటవేయను. మా దిక్కు జాతర్లలో జోగినులు ఆడతారు. ఆడపిల్లలను జోగినులుగా ముడిపెట్టడాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చినా ఆ ఆట పూర్తిగా ఆగలేదు. కెమెరాలు వాళ్ళ చుట్టూ ఈగల్లా ముసురుతాయి. అక్కడ పేరు అచ్చేస్తే ఆమెకే ముప్పు, ఆమె పిల్లల బడిలో ముప్పు. మరి? పేరు అడగడం వేరు, అచ్చేయడం వేరు. ఎదురుగా నిలబడి "అక్కా, నీ పేరేంది? రాయాల్నా వద్దా?" అని అడిగిన కెమెరావాణ్ణి నేను ఒక్కణ్ణి కూడా చూడలేదు. ఆమె వద్దంటే అది ఆమె నిర్ణయం. అడగకుండా వదిలేస్తే అది నీ బద్ధకం. ఆ రెండు ఖాళీలూ ఒకటి కావు.

పోయిన ఏడాది వికారాబాద్‌లో ఒక బడి వార్షికోత్సవానికి పిలిస్తే పోయాను. వేదిక పక్కన ఫొటో తీసే పిల్లగాడు లాప్‌టాప్ ముందేసుకుని కూచున్నాడు. కూచిపూడి డ్రెస్సులో ఒక పాప, పదేళ్ళుంటాయేమో, కాలెత్తి నిలబడ్డది. ఇప్పటి కెమెరాకు బండ ముక్కలు అక్కర్లేదు, కనురెప్ప పడేలోపు పది తీస్తది. ఫైలు పేరు కాడ 'డాన్స్ పాప 17' అని కొట్టబోయిండు. నేను కుర్చీ జరుపుకుని అతని పక్కనే కూచున్నా. "పేరు రాయి తమ్మీ" అన్నా. అతను తలెత్తి పాప వాళ్ళ నాయినను చూసిండు, "ఏం పేరు సార్?" అని. ఆయన తన పేరు చెప్పబోయిండు. పాప మధ్యలోనే అందుకుంది. ఇంటిపేరుతో మొదలుపెట్టి ఒక్కో అక్షరం చెప్పింది. అతను ఒత్తు తప్పు కొడితే గట్టిగా "అట్ల కాదు" అని మళ్ళీ కొట్టించింది.

ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. రాయాల్నా వద్దా అని ఆమెను నేను అడగలేదు.